పదీ పన్నెండుకు పుట్టిన పిల్ల

నవంబర్ 8, శనివారం

రఘు షాపుకు మోటర్ల కంపెనీ వాళ్ళిచ్చిన డైరీ ఇది, రెండేళ్ళ కిందటిది. ఆస్పత్రి సంచిలో చీరల అడుగున దొరికింది. అందులో అచ్చయిన తేదీలు కొట్టేసి నావి రాసుకుంటున్నాను.

నిన్న పుట్టింది. ఆడపిల్ల. శుక్రవారం, రోహిణి నక్షత్రం, పొద్దున పదీ పన్నెండుకు. పంతులు పదీ ఐదుకూ పదీ ఇరవైకీ మధ్య అన్నాడు. నర్సింగ్ హోం డాక్టరమ్మ గోడ మీది గడియారం చూసుకుంటూ కోసింది. రోహిణిలో పుడితే మేనమామకు గండమట. "నీకు అన్నదమ్ములు లేరు గదమ్మా, ఫికర్ లేదు" అన్నాడు పంతులు. అన్నీ అంత చక్కగా కుదిరాయి.

పుట్టగానే ఏడ్చింది. నేను విన్నాను. పిల్లి కూతంత చిన్నగా, కానీ ఏడ్చింది. మొదటివాడు ఏడవలేదు కాబట్టి, ఏడుపు వినపడితే చాలు ఇక అంతా గెలిచినట్టే అనుకున్నాను.

గంట తర్వాత, ఊపిరి వదిలినప్పుడల్లా "ఊ... ఊ..." అనడం మొదలుపెట్టింది. కూనిరాగం తీస్తున్నదని నవ్వాను. నవ్వాను! అత్తమ్మ ఒళ్ళో పెట్టుకుని గుడ్డ తీసి చూసి, "పిల్ల పక్కలు లోపటికి గుంజుకపోతున్నయ్, జల్ది డాక్టరమ్మను పిలువుండ్రి" అని కేక పెట్టింది. పెదాల చుట్టూ నీలం తిరిగింది. అరగంటలో అంబులెన్సులో పెద్ద దవాఖానలో పిల్లల ఐసీయూకు తీసుకుపోయారు. రఘు వెంట వెళ్ళాడు. నేను కుట్లతో ఇక్కడ, నర్సింగ్ హోంలో.

రఘు సాయంత్రం వచ్చి వరండాలో వాళ్ళమ్మ మీద అరిచాడు. "ఏం ముహూర్తమే అమ్మా నీది? నీ పంతులు, నీ గడియలు! గిప్పుడు సల్లగున్నదా నీ పానం?" అత్తమ్మ ఒక్క మాట కూడా అనలేదు. నాకు లోపలికి అంతా వినపడుతూనే ఉంది. కళ్ళు మూసుకుని పడుకున్నాను. కుట్లు చాలా నొప్పిగా ఉన్నాయి.

నవంబర్ 9, ఆదివారం

ముక్కులో రెండు చిన్న గొట్టాలు పెట్టారట. ఇంకో కొస నీళ్ళ సీసాలో ఉంటుందట, నీళ్ళు బుడబుడమంటుంటే పిల్లకు గాలి సరిగ్గా అందుతున్నట్టట. రఘు ఫోన్లో ఆ సీసాను వీడియో తీసి పంపాడు. పిల్లను తియ్యనివ్వలేదు, సీసాను తీశాడు. ఇరవై సార్లు చూశాను.

ఊపిరితిత్తుల్లోకి ఏదో మందు కూడా పోశారు. ఊపిరితిత్తులు విచ్చుకోవడానికి.

పిల్లల డాక్టర్ మదన్ మోహన్ గారు మొదటి స్కాన్ కాగితం అడిగారట, మూడో నెలలో తీసింది. రఘు ఫోన్ చేశాడు. "యాడ వెట్టినవ్ లతా?" దొరకలేదని చెప్పాను. ఇంటికి సున్నం వేయించినప్పుడు ఎక్కడో పోయిందేమోనని చెప్పాను. పోయి ఉండొచ్చు కూడా. ఆ ఇంట్లో ఏది పెట్టినచోట ఉంటుంది కనుక.

నవంబర్ 10, సోమవారం

ఇవాళ చూశాను.

అత్తమ్మ ఆటోలో తీసుకుపోయింది. రోడ్డు సగం వరకూ వడ్లు ఆరబోశారు, ఆటో పక్కకు దిగినప్పుడల్లా కుట్లు పిగిలిపోతాయేమోనని అత్తమ్మ రెండు చేతులతో నా పొట్ట పట్టుకుని కూర్చుంది. రఘు గేటు దగ్గరే ఉన్నాడు. నా చెయ్యి పట్టుకున్నాడు, వాళ్ళమ్మ ముఖం చూడలేదు.

లోపలికి చెప్పులు విప్పి, మోచేతుల దాకా చేతులు కడుక్కుని, పచ్చ గౌను వేసుకుని పోవాలి. అక్కడ లిల్లీ సిస్టర్ అనే ఆవిడ ఉంది. నలభై దాటి ఉంటాయి. అందరినీ "నాన్నా" అంటుంది, పిల్లల్నీ, తల్లుల్నీ, ఒకసారి డాక్టర్ని కూడా అనబోయి ఆగింది. "మీ బిడ్డ గిదే నాన్నా" అని చూపించింది.

నా బిడ్డను నేను గుర్తుపట్టలేదు. ముక్కుకు టేపు, నోట్లో గొట్టం, బొడ్డులో గొట్టం, కాలికి ఎర్రగా వెలిగే తీగ. ఛాతీ మధ్యలో గుంట పడుతున్నది, లేస్తున్నది. రెండు కిలోల నూరు గ్రాములు. కాలికి కట్టిన చీటీ మీద "స్నేహలత పాప" అని ఉంది. ఇరవై ఒకటో రోజు తొట్టెల చేసి పేరు పెడదామనుకున్నాం కాబట్టి దానికి ఇంకా పేరు లేదు. నా పేరే మోస్తున్నది.

డాక్టర్ గారు వచ్చి దాని అరికాలు తన బొటనవేలి మీద పెట్టుకుని చూపించారు. "చూడమ్మా, నెలలు నిండిన పిల్లకు అరికాలు నిండ గీతలుంటయ్. ఈ పాపకు ముందు భాగంలనే రెండు ఉన్నయ్. నర్సింగ్ హోం కాగితంల ముప్పై ఏడు వారాలు అని రాసి ఉన్నది. పిల్లేమో ముప్పై నాలుగు అంటున్నది. ఎవరి మాట నమ్మాలె?"

నవ్వుతూనే అడిగారు. నేను కాలు చూస్తూ నిలబడ్డాను. పిల్ల మాట నమ్మండి అనాలి. కళ్ళు తిరుగుతున్నాయని చెప్పి కూర్చున్నాను. లిల్లీ సిస్టర్ మంచినీళ్ళు తెచ్చింది. డాక్టర్ గారు ఇంకో పిల్ల దగ్గరికి పోయారు.

నవంబర్ 11, మంగళవారం

తొంభై నాలుగు! మిషన్ మీద నీలం అంకె, ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో చెప్పేది. తొంభై దాటితే మంచిదట. పొద్దంతా తొంభై నాలుగు, తొంభై ఐదు. లిల్లీ సిస్టర్ నా పాలు దూదిపుల్లకు అద్ది దాని బుగ్గ లోపల రాసింది. నాలుక కదిలించింది. వేలు పెడితే పట్టుకుంది. దొంగముండ, అచ్చం వాళ్ళ నాన్న స్క్రూడ్రైవర్ పట్టుకున్నట్టు పట్టుకుంది.

ఇప్పుడు ధైర్యం వచ్చింది కాబట్టి రాస్తాను. ఇది ఎవరూ చదవరు.

ముహూర్తం అత్తమ్మది కాదు. నాది.

పంతులు దగ్గరికి నేనే పోయాను, అక్టోబర్‌లో, నేను పనిచేసే సెంటర్‌కు సెలవు పెట్టి. డాక్టర్లు చెప్పిన అసలు తేదీ డిసెంబర్ పదిహేను. "అప్పుడు మూఢం. జర అటు దాటితే అమావాస్య, మూల. బాగలేదమ్మా" అన్నాడు. నేను అదే వినాలని పోయానేమో. మొదటివాడప్పుడు డాక్టర్లు ఆగమంటే ఆగాను. తొమ్మిదో నెల నిండా మోశాను. ఒక మంగళవారం కదలడం మానేశాడు. ఇంకో పదిరోజులు ముందు తీసి ఉంటే బతికేవాడని ఆ రోజు నుంచీ నా తలలో ఒకటే మాట. అందుకే ఈసారి ఆగదలుచుకోలేదు. దానికి ముహూర్తం ఒక సాకు. మంచి సాకు, ఈ ఊళ్ళో ఎవరూ కాదనని సాకు.

పెద్ద దవాఖానలో డాక్టరమ్మ ఒప్పుకోలేదు, ఇంకా టైముంది పొమ్మంది. అందుకని నర్సింగ్ హోంకు మారాను. పాత కాగితాలు పోయాయని చెప్పాను. చివరి నెలసరి ఎప్పుడంటే ఫిబ్రవరి పదిహేడు అన్నాను. అసలుది మార్చి పది. పిల్ల చిన్నగా ఉంది, రెండు వారాలు చూద్దామని ఆమె అంటే మొదటివాడి సంగతి చెప్పి ఏడ్చాను. ఆ ఏడుపు మాత్రం నిజమే.

రఘుకు తేదీలు తెలియవు, కాగితాలన్నీ నా దగ్గరే. వాడితో "అత్తమ్మ పట్టుబడుతున్నది, ఏం చేద్దాం" అన్నాను. నేనంటే "నీకేమన్న పిచ్చా" అనేవాడు. వాళ్ళమ్మ అంటే గొణుక్కుంటూ ఒప్పుకుంటాడు. అత్తమ్మ అన్నదల్లా ఒకటే: "ఎప్పుడు రావాల్నో అప్పుడొస్తది బిడ్డా, తొందరేంది."

నేను చేసే పని ఏమిటి మరి? ఆర్డీవో ఆఫీసు ఎదురుగా ఆన్‌లైన్ సెంటర్లో కూర్చుని పొద్దంతా దరఖాస్తులు నింపడం. పుట్టిన తేదీ తప్పుపడింది దిద్దమని రోజుకు పదిమంది వస్తారు. సున్నా కొడితే సున్నా, ఒకటి కొడితే ఒకటి. మూడు వారాలంటే నాకు మూడు సార్లు మీట నొక్కడం. ఊపిరితిత్తులు కూడా తేదీ చూసుకుని పెరుగుతాయని నాకెవరు చెప్పారు?

చెప్పారు. పెద్ద దవాఖానలో డాక్టరమ్మ చెప్పింది. వినలేదు.

పిల్ల ఇంటికి వచ్చాక రఘుతో చెప్తాను. అది ఒళ్ళో ఉంటే కోపం ఎంతసేపు నిలుస్తుంది.

నవంబర్ 12, బుధవారం

తెల్లవారేసరికి డెబ్భై ఆరు. మిషన్ ఎర్రగా కూస్తున్నది. నన్ను లోపలికి రానివ్వలేదు.

నవంబర్ 12, మళ్ళీ

ఊపిరితిత్తికి చిన్న చిల్లు పడిందట. గాలి బయటికి వచ్చి ఛాతీలో నిండి, ఆ ఊపిరితిత్తినే నొక్కుతున్నదట. పక్కటెముకల మధ్య గొట్టం పెట్టి గాలి తీశారు. ఇప్పుడు నోట్లోంచి గొంతులోకి ఇంకో గొట్టం, వెంటిలేటర్. నీళ్ళ సీసా తీసేశారు. ఆ బుడబుడ చప్పుడు లేకపోతే గది వేరేదిలా ఉంది.

"హైదరాబాద్ తీస్కపోతం సార్" అన్నాడు రఘు. డాక్టర్ గారు చాలాసేపు మాట్లాడారు. ఇప్పుడు కదిలిస్తే దారిలో నర్సాపూర్ అడవి కూడా దాటదన్నారు. అలాగే అనలేదు, మర్యాదగా అన్నారు, నాకు మాత్రం అలాగే వినపడింది. కొంచెం కుదుటపడితే ఆయనే పంపిస్తానన్నారు.

రఘు ఫోన్ తెచ్చుకోవడానికి బయటికి పోయినప్పుడు ఆయన నన్ను అడిగారు. "కాన్పుకు ముందు మీకు సూదులు ఇచ్చిండ్రా? పిల్ల ఊపిరితిత్తులు గట్టిపడేందుకు, రెండు రోజులు ఇచ్చేవి?"

"లేదు సార్."

"నెలలు నిండినయ్ అనుకుంటే ఇయ్యరు."

"ఇప్పుడు ఇయ్యొచ్చా సార్?"

ఆయన నా వైపు చూశారు. "అది పుట్టకముందు తల్లికి ఇచ్చేది అమ్మా."

ఆయనకు అర్థమైంది. ఇంకేమీ అడగలేదు. కేసు కాగితంలో ముప్పై ఏడు కొట్టేసి ముప్పై నాలుగు రాసి, పక్కన సంతకం చేశారు. సెంటర్లో మేమైతే దిద్దడానికి అఫిడవిట్ అడుగుతాం.

నవంబర్ 13, గురువారం

ఎనభై రెండు. ఎనభై. ఎనభై నాలుగు. ఎనభై.

నన్ను నర్సింగ్ హోం నుంచి పంపించేశారు. ఇంటికి పోలేదు. ఐసీయూ ముందు బల్ల మీద అత్తమ్మ దుప్పటి పరిచింది. మూడు గంటలకు ఒకసారి పాలు పిండి స్టీలు గిన్నెలో లోపలికి ఇస్తున్నాను. పిల్లకు పట్టడం ఆపేశారు. అయినా పిండమంటారు, లేకపోతే ఆగిపోతాయట. అంటే మళ్ళీ పట్టే రోజు వస్తుందని వాళ్ళకు తెలిసే కదా పిండమంటున్నారు.

నవంబర్ 14, శుక్రవారం

వారం. పదీ పన్నెండుకు సరిగ్గా నేను గాజు తలుపు దగ్గర ఉన్నాను. ఎనభై ఒకటి.

రఘు నాకు ఇడ్లీలు తెచ్చాడు. రెండు పొట్లాలే, ఒకటి తనకు, ఒకటి నాకు. అత్తమ్మ పక్కనే కూర్చుని ఉంది. నా పొట్లంలోంచి ఆమెకు రెండు ఇడ్లీలు పెట్టబోయాను. "నేను తిన్న బిడ్డా" అంది. తినలేదని నాకు తెలుసు, పొద్దుటి నుంచీ నా పక్కనుంచి లేవలేదు. రఘు గోడ వైపు తిరిగి తిన్నాడు. నేను ఆ నాలుగు ఇడ్లీలూ తిన్నాను. పాలు పడాలి కదా.

రేపు చెప్తాను.

నవంబర్ 15, శనివారం

రేపు.

నవంబర్ 15, సాయంత్రం

మూత్రం తగ్గిందట. ముఖం ఉబ్బింది. డాక్టర్ గారు మా ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడారు. మందులన్నీ వాడుతున్నామన్నారు, పిల్ల అలసిపోయిందన్నారు. రఘు "ఇంకేదన్న మిషన్ ఉంటది గద సార్" అన్నాడు. వాడు మోటర్లు బాగుచేసేవాడు. కాలిపోయినదాన్ని కూడా విప్పి, కొత్త తీగ చుట్టి తిప్పుతాడు. ఇంతమంది మోటర్లు మోసుకొచ్చి వాడి ముందు పెడితే, బాగుకాదని వాడు ఎవరికీ చెప్పగా నేను వినలేదు. "అన్నీ పెట్టినం" అన్నారు డాక్టర్ గారు.

లిల్లీ సిస్టర్ నన్ను లోపలికి పిలిచి, "ముట్టుకో నాన్నా, ఏం కాదు" అంది. ఎక్కడ ముట్టుకోవాలో తెలియలేదు. అన్నిచోట్లా ఏదో ఒకటి అంటించి ఉంది. ఎడమ చెవి ఖాళీగా ఉంది. చెవి ముట్టుకున్నాను. మెత్తగా, మడత విచ్చుకోకుండా ఉంది. నెలలు నిండని చెవి. దాని చెవిలో చెప్పాను. మార్చి పది అని చెప్పాను. వాళ్ళ నాన్నకు చెప్పలేనిది దానికి చెప్పాను. అంకె మారలేదు.

నవంబర్ 16, ఆదివారం

పోయింది.

నవంబర్ 17, సోమవారం

గొట్టాలన్నీ తీసేసి, తెల్లగుడ్డలో చుట్టి లిల్లీ సిస్టర్ నా ఒళ్ళో పెట్టింది. అప్పుడు చూశాను దాని ముఖం పూర్తిగా. గడ్డం రఘుది. ఆవిడ గడియారం చూసి రాసుకున్నది, నేను చూడలేదు.

మట్టిలో పెట్టడానికి తల్లిని తీసుకుపోరు. రఘు, ఇంకో ఇద్దరు పోయారు. ఎక్కడ పెట్టారని అడిగితే "ఎందుకు లతా" అన్నాడు. రెండోసారి అడగలేదు. మొదటివాడిని ఎక్కడ పెట్టారో కూడా నాకు తెలియదు. ఇద్దరూ దగ్గర దగ్గరే ఉన్నారా అనైనా అడగాల్సింది.

నవంబర్ 18, మంగళవారం

పాలు ఆగడం లేదు. జాకెట్టు తడిసి, ఆరి, అట్టకట్టి, మళ్ళీ తడుస్తున్నది. ఈ శరీరానికి ఎవరూ చెప్పలేదు.

నవంబర్ 19, బుధవారం

ఇవాళ జరిగింది జరిగినట్టు రాయాలి.

రఘు పొద్దున షాపుకు పోతున్నానని చొక్కా వేసుకున్నాడు. షాపుకు కాదు, నర్సింగ్ హోంకు. "ముప్పై నాలుగు వారాలకు కోసి ముప్పై ఏడు అని ఎట్ల రాస్తది? నా బిడ్డను సంపింది ఆమె. ఇయ్యాల తేల్తది" అన్నాడు. చేతిలో పిల్ల కాగితాల ఫైలు ఉంది. ఆ ఫైల్లో నా సంతకం ఉన్న కాగితం ఉంది, చివరి నెలసరి తేదీ కింద. వాడు ఇంకా సరిగ్గా చూడలేదు. అక్కడికి పోతే డాక్టరమ్మ మొట్టమొదట చూపించేది అదే.

తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. ఇప్పుడే, ఇప్పుడే చెప్పాలి అనుకున్నాను. నోరు తెరిచాను కూడా.

"ఆగురా" అంది అత్తమ్మ. చాటలో బియ్యం చూస్తున్నది, చాట కింద పెట్టింది. "డాక్టరమ్మ తప్పేం లేదు. తేదీ నేనే తప్పు జెప్పిచ్చిన."

రఘు వెనక్కి తిరిగాడు.

"దవాఖానకు మొదలు తోల్కపోయింది నేనే గద. నెలలు నిండినయని చెప్పు, లేకుంటే మంచి గడియల కొయ్యరని లతను బెదిరిచ్చిన. అది వద్దన్నది. నేనే ఒట్టు వెట్టించుకున్న. దానికి తల్లి లేదాయె, నా మాట ఇనకేం జేస్తది?"

ఒక్క అక్షరం నిజం కాదు. ఎంత బాగా చెప్పిందంటే, ఒక్క క్షణం అలాగే జరిగిందేమో అనిపించింది.

రఘు నా దగ్గరికి వచ్చాడు. "నిజమేనా లతా?"

అత్తమ్మ చాట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది. నా వైపు చూడలేదు. చూసి ఉంటే చెప్పేదాన్నేమో. ఈ "చెప్పేదాన్నేమో"లు ఈ డైరీలో ఎన్ని ఉన్నాయో.

తల ఊపాను.

రఘు ఫైలు గోడకేసి కొట్టాడు. కాగితాలు ఇల్లంతా పడ్డాయి. "నువ్వు నా ఇంట్ల ఉండకు" అన్నాడు వాళ్ళమ్మతో. గట్టిగా కూడా అనలేదు. ఆమె "మంచిది బిడ్డా" అంది. కాగితాలన్నీ నేనే ఏరాను. నా సంతకం ఉన్నది మడిచి జాకెట్లో పెట్టుకున్నాను. పాలకు తడిసిపోయింది.

నవంబర్ 20, గురువారం

రఘు లేనప్పుడు అత్తమ్మ నా గదిలోకి వచ్చింది. మల్లెపూలు కడితే పాలు ఆగుతాయట. ఈ నెలలో మల్లెలు ఎక్కడివి, క్యాబేజీ ఆకులు తెచ్చింది. లిల్లీ సిస్టర్ చెప్పిందట. ఆకులు రొమ్ముల మీద పరిచి, పాత ధోవతి చింపి గట్టిగా చుట్టి వీపు వెనక ముడి వేసింది. ఆమె చేతులు చల్లగా ఉన్నాయి.

"నీకెట్ల ఎరుక అత్తమ్మా?" అన్నాను. ఏది అని ఆమె అడగలేదు.

"కామునిపున్నమి నాడు నువ్వు తలకు పోసుకున్నవ్. ఊరంత రంగులు చల్లుకుంటుంటే నువ్వు దొడ్లె ఎంటికలు ఆరవెట్టుకుంటున్నవ్, నాకు యాదికున్నది. ఆ తర్వాత మళ్ల నువ్వు బయట గూసోలేదు. నేను యేళ్ల మీద లెక్క వెట్టుకుంటనే వచ్చిన. మొదటిది పోయింది గదా, ఈసారి ఒక్కదినం గూడ మర్వలే."

"మరి ఆపరేషన్ నాడు ఎందుకు చెప్పలే?"

ఆమె ముడి మీద ఇంకో ముడి వేసింది. "సదువుకున్న పిల్లవు, డాక్టరమ్మ చూసే చెప్పి ఉంటది అనుకున్న. నాకేం దెలుసు, యేళ్ల మీద లెక్క నాది. లెక్క తప్పిన్నేమో అనుకున్న. అప్పుడు నోరు దెరువలే. గిప్పుడు తెరిస్తే ఏమొస్తది?"

అప్పుడు ఏడ్చాను. పిల్ల పోయాక మొదటిసారి గొంతు విప్పి ఏడ్చాను. రఘుకు చెప్తానన్నాను. ఇవాళే చెప్తానన్నాను, కాళ్ళు పట్టుకోబోయాను.

"చెప్పకు" అంది. "వాడు నన్నెంత తిట్టినా నేను వాని తల్లినే, రద్దు గాదు. నాలుగు నెలలకో నాలుగేండ్లకో వస్తడు. నీకట్ల గాదు బిడ్డా. నీకు పోవుదమంటె తల్లిగారిల్లు గూడ లేదు." ధోవతి అంచు లోపలికి దోపి, "ఇద్దర్ని మోసినవ్. ఇంకేం మోస్తవ్ తియ్" అంది.

ఆమెకు డెబ్భై దగ్గర పడుతున్నాయి. నాలుగేళ్ళు ఆమె దగ్గర ఉన్నాయో లేదో.

పదకొండో రోజు అయ్యాక చెప్తాను. రఘు కొంచెం కుదుటపడ్డాక. అత్తమ్మ వద్దన్నా చెప్తాను.

నవంబర్ 23, ఆదివారం

అత్తమ్మ హవేలిఘనపూర్ పోయింది, మా ఆడబిడ్డ గోదావరి ఇంటికి. ఒక సంచి, మందుల డబ్బా, ఓ దుప్పటి. రఘు షాపు తెరిచి కూర్చున్నాడు, ఆదివారం కూడా. ఆటో దాకా సంచి నేనే మోశాను. కుట్లున్నాయి, వద్దంటే వినలేదు. అదైనా చేస్తున్నానని నాకు అనిపించాలి కదా. ఆమెకు తెలుసు కాబట్టి మొయ్యనిచ్చింది.

ఆటో కదిలేటప్పుడు "ఆకులు మార్చు, ఎండితే పనిజేయవ్" అంది.

నవంబర్ 24, సోమవారం

నర్సింగ్ హోం కాగితాల ప్రకారమైతే కాన్పు ఇవాళ. ఇల్లు ఊడ్చాను. బట్టలు ఉతికాను.

నవంబర్ 26, బుధవారం

పదకొండో రోజు. రఘు మధ్యాహ్నమే ఇంటికి వచ్చాడు. అన్నం పెట్టాను. తినకుండా నా ఒళ్ళో తల పెట్టి ఏడ్చాడు, ఇన్నాళ్ళకు. నా పొట్ట మీద కుట్ల దగ్గర వాడి నుదురు. చాలాసేపు ఏడ్చాడు. "అమ్మ గిట్ల జేస్తదని కలల గూడ అనుకోలే లతా. ఇగ నాకు నువ్వొక్కదానివే" అన్నాడు.

ఇప్పుడు చెప్పాలి. వాడి జుట్టులో చెయ్యి పెట్టి ఇప్పుడు, ఇప్పుడు అనుకున్నాను. వాడు లేచి ముఖం కడుక్కుని అన్నం తిన్నాడు. రెండోసారి చారు వేయించుకున్నాడు.

పాలు ఆగిపోయాయి.

నవంబర్ 30, ఆదివారం

అత్తమ్మ ఫోన్ చేసింది. గోదావరి ఫోన్ నుంచి, మెల్లగా మాట్లాడింది. కుట్లు మానాయా అని అడిగింది. మానాయన్నాను. "వాడు తింటున్నడా?" అంది. తింటున్నాడన్నాను. "మంచిది" అంది. వెనకాల ఎవరో వడ్లు తూర్పారబడుతున్న చప్పుడు. "నా గురించి ఏమన్న అడుగుతడా?" అంది. నేను పొయ్యి మీది గిన్నె మూత తీసి చూశాను. "సరే బిడ్డా, పైలం" అని పెట్టేసింది.

రఘు లోపలి నుంచి, ఎవరు ఫోను అని అడిగాడు.

సెంటర్ నుంచి, ఎప్పుడు వస్తావని అడుగుతున్నారు అని చెప్పాను.